మట్టి వేసిన అక్వేరియం: వెనక ఎడమ మూలలో ఏం జరిగింది

ఈ ట్యాంక్ రిటైరైన ఒక బయాలజీ టీచర్ గారిది. ట్యాంక్ పెట్టే పని నేను ఒప్పుకోకముందే ఆవిడ మూడు షరతులు పెట్టారు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వద్దు. వారం వారం సీసాలోంచి ఎరువు చుక్కలు లెక్కపెట్టి పోసే పని వద్దు. మొక్కలు మాత్రం చెరువు అంచున పెరిగినంత దట్టంగా ఉండాలి. ఈ మూడూ కుదరాలంటే నాకు తెలిసిన దారి ఒకటే: అడుగున మామూలు మట్టి, దాని మీద ఇసుక. ఈ పనిలో ఉన్నవాళ్లు దీన్ని డర్టెడ్ ట్యాంక్ అంటారు, దీన్ని ప్రచారంలోకి తెచ్చిన డయానా వాల్‌స్టాడ్ పేరుతో వాల్‌స్టాడ్ పద్ధతి అని కూడా అంటారు.

ఇలాంటివి చాలానే పెట్టాను. అయినా ఇందులో రెండు తప్పులు చేశాను. ఒకటి తొందరలో చేసింది, రెండోది అందం కోసం చేసింది. మొదటిది నెల తిరిగేసరికి సర్దుకుంది. రెండోదాన్ని మాత్రం నీళ్లలో చేయి పెట్టి తవ్వి తీయాల్సి వచ్చింది.

ట్యాంక్ కొలతలు 60×30×36 సెం.మీ. లెక్కకు 65 లీటర్లు వస్తుంది కానీ మట్టి, ఇసుక, రాళ్లు పోగా నీళ్లు పట్టేది 50 లీటర్లే. అన్నీ నింపాక బరువు 80 కిలోలు దాటుతుంది, అందుకే ముందు స్టాండ్ సంగతి చూశాం. అడుగు వైశాల్యం 1800 చదరపు సెం.మీ. కాబట్టి 2.5 సెం.మీ. మందాన మట్టి పరచడానికి 4.5 లీటర్లు కావాలి. పైన 3 సెం.మీ. ఇసుకకు 5.4 లీటర్లు, అంటే దాదాపు 9 కిలోలు. నేను మట్టి 5 లీటర్లు తీసుకున్నాను. ఎక్కువైన ఆ అర లీటరు ఎక్కడికి వెళ్లిందో తర్వాత చెప్తాను.

మట్టి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మట్టి కావాలి అనగానే చాలామంది కుండీలకు వాడే మిశ్రమం తెచ్చేస్తారు. అందులో పెర్లైట్ ఉంటే ఆ తెల్లటి గుళ్లు నెలల తరబడి నీళ్ల మీద తేలుతూనే ఉంటాయి. వర్మీకంపోస్ట్, పశువుల ఎరువు, రసాయన ఎరువు ఉంటే ఇంకా కష్టం. మనకు కావాల్సింది ఎరువు కలపని, పురుగుమందు పడని సాదా మట్టి. టీచర్ గారి పెరట్లో మొక్కలేవీ లేని ఒక చోటు చూసి, పైన ఉన్న ఆకులూ చెత్తా గీకేసి, అరచెయ్యి లోతు వరకు తవ్వాను. 3 మి.మీ. జల్లెడలో పట్టాను. వేళ్లు, పుల్లలు, గవ్వ ముక్కలు, ఒక బొత్తం పైన మిగిలాయి.

తర్వాత సీసా పరీక్ష. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా అంతా నీళ్లు పోసి, బాగా ఊపి, కదలని చోట పెట్టాలి. నిమిషంలో ఇసుక దిగుతుంది. గంటల్లో ఒండ్రు దాని మీద కూర్చుంటుంది. బంకమట్టి మరునాటికి గానీ దిగదు. కుళ్లని పుల్లా పీచూ పైన తేలతాయి. ఈ మట్టిలో సగానికి పైగా ఇసుక, ఒండ్రు ఉన్నాయి, ఎర్రటి బంక పొర వేలి మందాన కనిపించింది, తేలిన చెత్త చాలా తక్కువ. బంకమట్టి ఉండటం మంచిదే. అందులో ఇనుము ఉంటుంది, పోషకాలను పట్టి ఉంచే గుణమూ ఉంటుంది. మరీ ఎక్కువైతే మాత్రం చిన్న కదలికకే నీళ్లు కలకబారతాయి. చూడటానికి అంతా బాగుందని ముచ్చటపడ్డాను.

మొదటి తప్పు ఇక్కడే. పెరటి మట్టిని ట్యాంక్‌లో వేసే ముందు తడిపి, రెండు రోజులు ఉంచి, నీళ్లు వంపేసి, ఎండబెట్టి, మళ్లీ తడపాలి. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే మట్టిలో మిగిలిన సేంద్రియ పదార్థం చాలావరకు బయటే కుళ్లిపోతుంది. అందులోంచి వచ్చే అమ్మోనియాను గాలి తగిలే చోట బ్యాక్టీరియా నైట్రేట్‌గా మార్చేస్తుంది, అది వంపేసిన నీళ్లతో పోతుంది. రెండు మూడు వారాల పని. నేను ఒక్కసారే తడిపి ఎండబెట్టాను. సీసా చూసి నమ్మకం కుదిరింది మరి. ఆ సీసా నీళ్లలోనే వారం తర్వాత అమ్మోనియా టెస్ట్ చేసి ఉంటే విషయం తెలిసిపోయేది. సీసా పరీక్ష మట్టిలో రేణువుల సంగతి చెప్తుంది కానీ అందులో కరిగి ఉన్న వాటి గురించి ఏమీ చెప్పదు.

ఇసుక 1 నుంచి 2 మి.మీ. రేణువులది తీసుకున్నాను. పిండిలాంటి సన్న ఇసుక గట్టిగా పేరుకుపోయి కింది మట్టికి గాలి ఆడనివ్వదు. పెద్ద గులకరాళ్లయితే సందుల్లోంచి మట్టి పైకి వస్తుంది. గుప్పెడు ఇసుక మీద వెనిగర్ పోసి చూశాను. బుసబుసమని నురగ రాలేదు కాబట్టి సున్నం లేదన్నమాట. ఉంటే నీటి కాఠిన్యాన్ని పెంచుతూ పోతుంది. ఎనిమిది సార్లు కడిగాక గానీ కడిగిన నీళ్లు తేటగా రాలేదు.

పరచడం నాకు ఇష్టమైన పని. మట్టిని నీళ్లతో ముద్దగా కలిపి, ట్యాంక్ అడుగున పరిచి, అరచేతులతో నొక్కుతూ పోవాలి. నొక్కినప్పుడల్లా వేళ్ల సందుల్లోంచి చిన్న చిన్న గాలిబుడగలు చిటపటమంటూ బయటికి వస్తాయి. పొడిమట్టి వేసి పైన నీళ్లు పోస్తే ఆ గాలి లోపలే ఉండిపోయి, తర్వాత ఇసుకను పగలగొట్టుకుని పైకి లేస్తుంది, దానితోపాటు మట్టీ వస్తుంది. ముందు అద్దానికి రెండు సెం.మీ. ఖాళీ వదిలాను. అక్కడ ఇసుక ఒక్కటే వేస్తే బయటి నుంచి మట్టి గీత కనిపించదు. ఇసుకను గంపతో కుమ్మరించలేదు, గుప్పెడు గుప్పెడుగా వేసి బ్రష్‌తో సర్దాను.

ఇక రెండో తప్పు. ముందు తక్కువ, వెనక ఎత్తుగా ఉంటే ట్యాంక్ లోతుగా కనిపిస్తుంది. ఆ ఎత్తును ఇసుకతోనో గులకతోనో తేవాలి. నేను మట్టితో తెచ్చాను. ముందు 2 సెం.మీ. ఉన్న మట్టి వెనక ఎడమ మూలకు వచ్చేసరికి 6 సెం.మీ. అయింది. మిగిలిన అర లీటరు అక్కడికే పోయింది. చాలదన్నట్టు ఆ గుట్ట మీద నాలుగు కిలోల రాయి ఒకటి ఒరిగించి పెట్టాను. రాళ్లు ముందుగా అడుగు అద్దం మీద పెట్టి, వాటి చుట్టూ మట్టి వేయాలని పది మందికి చెప్పినవాణ్ని నేనే. ఆ రాయి మాత్రం ఆఖర్న కంటికి బాగుందని పెట్టాను.

ఇసుక మీద నాలుగు సెం.మీ. నీళ్లు మాత్రమే ఉంచి నాటాను. వెనక వాలిస్నేరియా, కుడివైపు హైగ్రోఫిలా పాలీస్పెర్మా, మధ్యలో రోటాలా రొటుండిఫోలియా, ముందు క్రిప్టోకోరైన్ వెండ్టీ ఆరు మొక్కలు, రెండు మూలల్లో ఒక్కో అమెజాన్ స్వోర్డ్. అనూబియాస్‌ను రాతికి దారంతో కట్టాను, దాని దుంపకాండం మట్టిలో పూడిస్తే కుళ్లుతుంది. పైన తేలడానికి సాల్వీనియా, హార్న్‌వర్ట్. మొదటి రోజే అడుగులో ముప్పాతిక వంతు మొక్కలతో నిండాలి. నాలుగు కాడలు నాటి, అవి పెరిగాక చూద్దాంలే అంటే ఈలోగా పాచి పెరుగుతుంది. మట్టి ట్యాంక్‌కు పెట్టే ఖర్చులో పెద్ద వాటా మొక్కలకే పోవాలని నా అభిప్రాయం, ఫిల్టర్ విషయంలో అంత పట్టింపు లేదు. దీనికి చిన్న స్పాంజ్ ఫిల్టరే పెట్టాను. నీటి పైభాగం తెగ కదిలితే మట్టి కుళ్లి ఇచ్చే కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది.

లైట్ 6500 కెల్విన్ ఎల్‌ఈడీ, అంటే పగటి వెలుగులాంటి తెల్లటిది, టైమర్‌తో. ఉదయం 5 గంటలు, మధ్యలో 4 గంటలు ఆపి, మళ్లీ 4 గంటలు. ఆ విరామంలో మట్టి నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ మళ్లీ కాస్త పోగవుతుంది. సిలిండర్ లేని ట్యాంక్‌లో ఈ చిన్న ఏర్పాటు పనికొస్తుంది.

టీచర్ గారు ఒక రూళ్ల నోట్‌బుక్ తీసి రోజువారీ లెక్క రాయడం మొదలుపెట్టారు. కింద చెప్పే అంకెలు ఆవిడ రాసినవే.

మూడో రోజుకు నీళ్లు పల్చటి డికాషన్ రంగుకు వచ్చాయి. అది మట్టిలోని టానిన్ల వల్ల, అంటే ఆకులూ పుల్లల నుంచి దిగే రంగు పదార్థాల వల్ల, హాని లేదు. 4వ రోజు అమ్మోనియా 2 పీపీఎం, అంటే లీటరు నీటికి 2 మిల్లీగ్రాములు. 6వ రోజు 4. ఆ అంకె చూశాక "టీచర్ గారూ, ఈ చోట ఇంతకుముందు ఏమైనా ఉండేదా?" అని అడిగాను. "గులాబీలు ఉండేవి బాబూ. రెండేళ్లయింది తీసేసి. పేడ ఎరువు బాగా వేసేదాన్ని" అన్నారు. తవ్వే ముందు అడగాల్సిన మాట అది.

పీహెచ్ 7.4 ఉంది. ఇది కొంత ధైర్యం ఇచ్చింది. టెస్ట్ కిట్ చూపించే మొత్తంలో చేపలకు విషమైన అమ్మోనియా వాయువు వాటా పీహెచ్‌ను బట్టి మారుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే అది అర శాతం కన్నా కాస్త ఎక్కువ, 8 అయితే ఐదు శాతం దాటుతుంది. మిగతాది అమ్మోనియం, మొక్కలు నైట్రేట్ కన్నా ముందు దాన్నే తింటాయి. అయినా 4 పీపీఎంలో చేపల మాట ఎత్తకూడదు. 6, 8, 10 రోజుల్లో సగం సగం నీళ్లు మార్చాం. మార్చిన రోజు 2కు దిగుతుంది, మరునాటికి 3కు ఎక్కుతుంది. మనం తీసేది నీళ్లలో ఉన్నదే, మట్టి ఇస్తూనే ఉంటుంది. నా పాత ట్యాంక్‌లో ఆరు నెలలుగా నడుస్తూ, అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా పట్టి ఉన్న స్పాంజ్ ఒకటి తెచ్చి ఇందులో వేశాను. తేలే మొక్కలు రెట్టింపు చేశాను. సాల్వీనియా ఆకులకు గాల్లోని కార్బన్ డయాక్సైడ్ అందుతుంది, రెండూ లైట్‌కు దగ్గరగా ఉంటాయి, అందుకే వేగంగా తింటాయి. హార్న్‌వర్ట్ పది రోజుల్లో చేతి పొడవు పెరిగింది.

9వ రోజు క్రిప్టోకోరైన్ ఆకులు తడిసిన కాగితంలా జారిపోయాయి. టీచర్ గారు కంగారుగా ఫోన్ చేశారు, మొక్కలు చచ్చిపోయాయని. వేళ్లు బతికే ఉంటాయి, పీకొద్దు, కరిగిన ఆకులు మాత్రం తీసేయండి అని చెప్పాను. చోటు మారితే ఈ మొక్క చేసే పని ఇదే. నెల లోపు కొత్త ఆకులు వచ్చాయి, ఈసారి పొట్టిగా, గోధుమ రంగులో. 12వ రోజు అద్దం మీద గోధుమ రంగు డయాటమ్ పాచి పట్టింది, వేలితో తుడిస్తే పోయేది. 20వ రోజు రోటాలా మీద దారాల్లాంటి పాచి కనిపిస్తే లైట్ 9 గంటల నుంచి 7కు తగ్గించాం.

నైట్రైట్ 12వ రోజు కనిపించి, 18వ రోజుకు 2 పీపీఎం అయి, తర్వాత దిగడం మొదలైంది. "అమ్మోనియా నైట్రైటు, నైట్రైటు నైట్రేటు అని ముప్పై ఏళ్లు బోర్డు మీద బాణాలు గీశాను. ఇంట్లో చూడటం ఇదే మొదలు" అన్నారు టీచర్ గారు. అయినా వారానికోసారి "చేపలెప్పుడు బాబూ?" అని అడగడం మానలేదు. 28వ రోజుకు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. నైట్రేట్ 10.

ఇక చేపలు వేసేద్దాం అనుకుంటుండగా ఎడమ మూల సంగతి బయటపడింది. రెండు స్వోర్డ్ మొక్కలూ ఒకే సైజువి, ఒకే చోట నుంచి తెచ్చినవి. కుడి మూలది ఏడు కొత్త ఆకులు వేసింది. ఎడమది రెండే వేసింది, అవీ చిన్నవి, పసుపు రంగువి. ముందుగా నాకు తట్టింది ఇనుము లోపం. ఇది మట్టి ట్యాంక్, పక్కనే ఉన్న మొక్క పచ్చగా ఉంది, మరి ఇనుము లోపం ఎలా వస్తుందని అప్పుడు ఆలోచించలేదు. 37వ రోజు సన్నటి చెక్కపుల్ల తీసుకుని ఇసుకలో గుచ్చాను. కుడివైపు, మధ్యలో గుచ్చితే రెండు మూడు బుడగలు వచ్చాయి, వాసన లేదు. మొదటి రెండు నెలల్లో ఇవి మామూలే. ఎడమ మూలలో గుచ్చగానే గుప్పుమని బుడగల గుంపు లేచింది. మూత తీసి ఉండటంతో కుళ్లిన గుడ్డు వాసన గదిలోకి వచ్చింది. స్వోర్డ్‌ను కొద్దిగా లాగి చూస్తే చేతికి ఊడి వచ్చింది. వేళ్లు నల్లగా, తొక్క జారిపోయి, లోపలి దారం మాత్రమే మిగిలి ఉంది.

మట్టిలో ఆక్సిజన్ తక్కువగా ఉండటం తప్పు కాదు. ఈ పద్ధతి నడిచేదే దాని మీద. ఇసుక పైపొర దాటాక ఆక్సిజన్ అయిపోతుంది. అక్కడి నుంచి బ్యాక్టీరియా ముందు నైట్రేట్‌ను, తర్వాత మాంగనీస్‌ను, ఆ తర్వాత ఇనుమును వాడుకుంటుంది. ఇనుము తుప్పు రూపం నుంచి కరిగే రూపానికి మారేది ఈ దశలోనే, వేళ్లకు అందేదీ అప్పుడే. ఇంకా లోతుకు పోయి, తినడానికి సేంద్రియ పదార్థం దండిగా ఉంటే, బ్యాక్టీరియా సల్ఫేట్ మీద పడుతుంది. దాని నుంచి వచ్చేదే కుళ్లిన గుడ్డు వాసన ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్. అది వేళ్లను చంపుతుంది. రెండున్నర సెం.మీ. మట్టిలో మొక్కల వేళ్లు అడుగు దాకా దిగి, తమలోంచి ఆక్సిజన్ వదులుతూ ఆ దశ రాకుండా చూసుకుంటాయి. ఆరు సెం.మీ. గుట్టలో, పైన రాయి అణిచిపెట్టి ఉంటే, వేళ్లు అక్కడికి చేరకముందే అది కుళ్లిపోయింది. గులాబీల ఎరువు కూడా తోడైంది. పక్క అద్దంలోంచి చూస్తే ఆ మూలలో మట్టి నల్ల పట్టీలా కనిపించింది. ఆ నలుపు ఐరన్ సల్ఫైడ్. సల్ఫైడ్‌ను పట్టేసి ఉంచుతుంది కాబట్టి అదే విషం కాదు, కానీ కింద ఏం జరుగుతోందో చెప్తుంది.

ట్యాంక్ మొత్తం విప్పడానికి మనసు రాలేదు, మిగతాదంతా బాగుంది. రోజూ పుల్లతో గుచ్చి గాలి తీస్తే సరిపోతుందనే వాళ్లున్నారు. పలచటి మట్టికి సరిపోతుందేమో కానీ దీనికి చాలదు, మందం అలాగే ఉంటుంది కదా. తవ్వాలనే నిర్ణయించుకున్నాను, కానీ నీళ్లలో మట్టి తవ్వితే ట్యాంక్ అంతా బురదవుతుంది. అందుకని రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా తీసుకుని మెడ, అడుగు రెండూ కోసి గొట్టంలా చేశాను. నీళ్లు సగానికి దించి, రాయి తీసి, ఆ గొట్టాన్ని ఇసుకలోంచి అటూ ఇటూ తిప్పుతూ అడుగు అద్దం తగిలేదాకా దింపాను. 12 మి.మీ. పైపుతో గొట్టం లోపలి మట్టిని బకెట్‌లోకి లాగాను. లోపల నీళ్లు తగ్గినప్పుడల్లా టీచర్ గారు పైనుంచి మగ్గుతో పోస్తూ వచ్చారు. ఒకచోట అయ్యాక ఆ గుంతలో కడిగిన గులక, పైన ఇసుక నింపి, గొట్టాన్ని మెల్లగా పైకి తీసి, పక్కకు జరిపి మళ్లీ దింపాను. మూడు చోట్ల చేశాక దాదాపు 1.25 లీటర్ల నల్ల బురద బయటికి వచ్చింది. బకెట్‌ను వెంటనే పెరట్లోకి తీసుకెళ్లమన్నారు.

రాయిని ఈసారి గులక దిమ్మె మీద కూర్చోబెట్టాను. ఆ మూలలో వేగంగా వేళ్లు పాకించే వాలిస్నేరియా పిలకలు నాలుగు, క్రిప్టోకోరైన్ రెండు నాటాను. చచ్చిన వేళ్లు కత్తిరించి స్వోర్డ్‌ను అక్కడే తిరిగి పెట్టాను. రెండు రోజులు నీళ్లు మబ్బుగా ఉన్నాయి, అమ్మోనియా 0.5కు లేచింది. సగం నీళ్లు రెండుసార్లు మార్చాక తగ్గింది.

52వ రోజు ఎంబర్ టెట్రాలు అనే చిన్న చేపలు ఎనిమిది వేశాం. మరో రెండు వారాలకు పది చెర్రీ ష్రింప్‌లు. ఇసుకలో తిరిగే మలేషియన్ ట్రంపెట్ నత్తలు అంతకుముందే ఉన్నాయి, పైపొరను కదుపుతూ ఉంటాయి. అడుగున సైఫన్ పెట్టి గీకే పని లేదు. మూడు వారాలకోసారి మూడో వంతు నీళ్లు మార్చి, అద్దం తుడుస్తారు, అంతే. పెరిగిన మొక్కను వేళ్లతో సహా పీకితే మట్టి పైకి వస్తుంది కాబట్టి కాడను మొదట్లో కత్తిరించి, తలను పక్కన నాటుతాం.

ఇప్పుడు పద్నాలుగు నెలలు. ఎడమ మూలలో పుల్ల గుచ్చితే వేళ్లు అడ్డం పడుతున్నాయి, వాసన లేదు. సమస్య అల్లా స్వోర్డ్ మొక్కలే. కుడిది ట్యాంక్‌లో మూడో వంతు ఆక్రమించింది, ఆకులు నీళ్ల పైకి వచ్చేశాయి. 36 సెం.మీ. ఎత్తు ట్యాంక్‌లో అమెజాన్ స్వోర్డ్ పెట్టడమే పొరపాటు, అది నా ఎంపికే. దాని వేళ్లు అడుగంతా పాకి ఉంటాయి కాబట్టి పీకడం కుదరదు. చుట్టూ కత్తితో వేళ్లు కోసి, మొదలు మాత్రం తీసి, వేళ్లను మట్టిలోనే వదిలేయాలి. రెండుసార్లు కత్తి పట్టుకుని వెళ్లాను. "పూత కాడ వేస్తోంది బాబూ, అది చూశాక చూద్దాం" అని రెండుసార్లూ టీ ఇచ్చి పంపేశారు.